నీళ్లలో వాడే మెటల్ డిటెక్టర్ రాడ్డు ఊగుతోందా? ముందు ఆట (లూజు) ఎక్కడుందో పట్టుకోండి

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. కడప వైపు ఉండే ఒకాయన నీళ్లలో వాడే మెటల్ డిటెక్టర్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. ఒడ్డున బాగానే ఉంది. తొడ లోతు నీళ్లలో దిగి ఊపితే మాత్రం రాడ్డు కింది కొసన లోహాన్ని పట్టే పళ్లెం, అదే కాయిల్, చేప తోకలా ఆడుతోంది, ఏమీ లేని చోట కూడా బీప్ అంటోంది. రాడ్డు మొత్తం మార్చాలా, లేక జాయింట్ల దగ్గర వెల్డింగ్ పెట్టిస్తే సరిపోతుందా అని అడిగారు.

మార్చక్కర్లేదు. వెల్డింగ్ అసలే వద్దు. నా చేతికి వచ్చినవాటిలో చాలావరకు తేడా రెండు చోట్లే: కాయిల్‌ను రాడ్డుకు బిగించే రెండు చెవుల మధ్య ఉండే రబ్బరు వాషర్లు, ఒక గొట్టంలోకి ఇంకో గొట్టం దూరే జాయింటు. వాషర్లు కొత్తవి వేసి, జాయింటు లోపల రెండు చోట్ల ప్యాకింగ్ (సందు నింపే పట్టీ) ఇస్తే పనైపోతుంది. ఒక పూట పని, వంద రూపాయల లోపు సామాను.

నాది కర్నూలులో మోటార్ వైండింగ్ షాపు. బోరు మోటార్లలో బుష్ (తిరిగే ఇరుసును పట్టి ఉంచే గొట్టం ముక్క) అరిగి షాఫ్ట్, అంటే ఆ ఇరుసు, ఆడటం రోజూ చూసేదే కాబట్టి ఎక్కడ ఆట ఉందో చేతికి తెలిసిపోతుంది. డిటెక్టర్ నాకు పక్క పని. కార్తీక మాసం వస్తే తుంగభద్ర ఘాట్ల దగ్గర ఉంగరం జారిందనో, కాలి పట్టీ పోయిందనో ఎవరో ఒకరు షాపుకే వస్తారు. అలా మొదలై, ఇప్పుడు తెలిసినవాళ్ల డిటెక్టర్లు కూడా రిపేరుకు నా బల్ల మీదికే చేరుతున్నాయి.

ఒడ్డున బాగున్నది నీళ్లలో ఎందుకు ఊగుతుందంటే, గాలి కంటే నీళ్లు ఎనిమిది వందల రెట్లు దట్టం. ఊపే వేగం రెండింతలైతే నీటి ఒత్తిడి నాలుగింతలవుతుంది. పుట్టి నడిపేవాడి తెడ్డు ఎలా పని చేస్తుందో మీ కాయిల్ కూడా అలాగే నీళ్లను తోస్తుంది. ఆ బరువంతా జాయింట్ల మీద పడుతుంది. రెండు గొట్టాల మధ్య అర మిల్లీమీటరు సందు ఉందనుకోండి, ఒడ్డున చూస్తే అది కనపడదు కూడా. కానీ లోపలి గొట్టం బయటి గొట్టంలోకి 5 సెంటీమీటర్లే దూరి ఉండి, అక్కడి నుంచి కాయిల్ మీటరు దూరంలో ఉంటే, ఆ అర మిల్లీమీటరే కింద దాదాపు సెంటీమీటరు అవుతుంది. అదే 10 సెంటీమీటర్లు దూరి ఉంటే ఆట సగానికి పడిపోతుంది. అందుకే రాడ్డును చివరి రంధ్రం దాకా లాగి వాడకండి. పొడుగ్గా ఉండేవాళ్లు చేసే పొరపాటు ఇదే. ఒక రంధ్రం లోపలికి నెట్టి, నడుము కొంచెం వంచండి. కొందరికి రిపేరు అవసరం లేకుండా పని ఇక్కడే తీరిపోతుంది.

ఇప్పుడు ఆట ఎక్కడుందో పట్టుకోవాలి. డిటెక్టర్ ఆపేసి, మీరు నీళ్లలో వాడే పొడవుకే రాడ్డు పెట్టి, పై భాగాన్ని చంకలో బిగించుకోండి. కుడి చేత్తో కాయిల్ పక్కలకు ఆడించండి. ఎడమ చేతి చూపుడు వేలు జాయింటు మీద, సగం పై గొట్టం మీద సగం కింది గొట్టం మీద పడేలా పెట్టండి. రెండు గొట్టాలూ కలిసి కదిలితే అక్కడ తేడా లేదు. వేలి కింద ఒకటి కదిలి ఇంకోటి ఆగిందంటే దొంగ దొరికినట్టే. పై నుంచి కిందికి ఒక్కో జాయింటూ ఇలాగే చూసుకుంటూ రండి, చివర్లో కాయిల్ చెవులు. కంటికి నమ్మకం కావాలంటే మార్కర్‌తో జాయింటు మీదుగా నిలువు గీత గీయండి. గంట వాడాక ఆ గీత విరిగినట్టు కనిపిస్తే గొట్టం తిరుగుతోందని అర్థం. పక్కలకు ఊగడం వేరు, తిరగడం వేరు. మందు కూడా వేరే.

చేతిని ఆనించే కప్పు లూజైనా మొత్తం రాడ్డే ఊగుతున్నట్టు అనిపిస్తుంది. దాని నట్టు ఒకసారి చూడండి.

ఏది విప్పినా ముందు కడగండి. తుంగభద్ర ఒండ్రు గానీ పెన్న ఇసుక గానీ సన్నగా లోపలికి చేరితే, తిప్పి బిగించే తాళం ఎంత తిప్పినా పట్టదు. ఆ తాళం లోపల ఒక ఓర ముక్క ఉంటుంది. తిప్పినప్పుడు అది పక్కకు జరిగి బయటి గొట్టం గోడను నొక్కి పట్టుకుంటుంది. మధ్యలో ఇసుక పడితే జారుతుంది. గొట్టాలు పూర్తిగా విడదీసి, మంచినీళ్ల బకెట్లో అరగంట నానబెట్టి, పాత టూత్ బ్రష్‌తో రుద్దండి. ఆ ఓర ముక్క నున్నగా అరిగి మెరుస్తుంటే 400 నంబరు వాటర్ పేపర్‌తో రెండు రుద్దులు రుద్దండి, పట్టు వస్తుంది. దానికి గ్రీజు పూయకండి. పట్టుకోవాల్సిన చోట జారేది పూస్తే ఇంకేం పట్టుకుంటుంది? సిలికాన్ గ్రీజు బ్యాటరీ మూత ఓ-రింగులకు, హెడ్‌ఫోన్ కనెక్టర్ రింగుకు, అదీ పలుచగా. కిరోసిన్, పెట్రోలు, థిన్నర్ దగ్గరికి రానివ్వకండి. రబ్బరు ఉబ్బుతుంది, కొన్ని ప్లాస్టిక్‌లు పగుళ్లిస్తాయి.

ఇక వాషర్లు. ఒక కథ చెప్తే మీకు సులువుగా అర్థమవుతుంది.

ఓ కార్తీక పౌర్ణమి మర్నాడు పొద్దున్నే ఒక పెద్దాయన వచ్చాడు. కొత్తల్లుడి ఉంగరం ఘాటు మెట్ల దగ్గర జారిపోయిందట, పెళ్లయి నెల కూడా కాలేదట. వెళ్లాం. మోకాలు దాటిన నీళ్లు, కింద పాచి పట్టిన మెట్లు. నేను ఊపుతున్నా, ప్రతి ఊపుకూ మోగుతోంది. మోగినప్పుడల్లా మెట్ల మీద నిలబడ్డ ఆయన భార్య నదికి దండం పెడుతోంది. ఆయనేమో, "ఏమప్పా, మోగుతాంది గదా, తియ్యి" అంటాడు. తీస్తే ఏముంది, ఒండ్రు. గంటన్నర ఇదే వరస. చివరికి గమనించిందేమంటే, కుడి వైపు ఊపు ఆగి వెనక్కి తిరిగే చోటే మోగుతోంది. అదే చోటు మీదుగా ఎడమ నుంచి వస్తే మోగడం లేదు. నిజంగా వస్తువు ఉంటే రెండు వైపుల నుంచి ఊపినా ఒకే చోట మోగుతుంది. ఊపు తిరిగే చివర మాత్రమే మోగితే అది వస్తువు కాదు, మీ రాడ్డే.

ఒడ్డుకొచ్చి చూస్తే కాయిల్ చెవుల మధ్య ఒక వాషర్ లేనే లేదు. రెండోది ఎండిపోయి అట్టముక్కలా ఉంది. పక్క వీధిలో పంక్చర్ షాపు అబ్బాయిని అడిగి పాత సైకిల్ ట్యూబు ముక్క తీసుకున్నా. అందులో రూపాయి బిళ్లంత గుండ్రాలు నాలుగు కోసి, మధ్యలో రంధ్రం పెట్టి, పక్కకు రెండేసి వేసి బిగించా. మళ్లీ దిగితే కాయిల్ గమ్మున ఉంది. ఉంగరం చివరి రెండు మెట్ల సందులో, బురదలో దొరికింది. నేను గంటన్నర నుంచి దాని మీదే నిలబడి ఉన్నా.

సైకిల్ ట్యూబు వాషర్లు ఆరు నెలలు నిక్షేపంగా పని చేస్తాయి. కంపెనీ వాషర్లు దొరికితే అవే వేయండి, జేబులో మాత్రం ఒక జత ట్యూబు ముక్కలు ఉంచుకోండి. వేసేటప్పుడు నూనె రాయొద్దు. రబ్బరు రాపిడి మీదే కాయిల్ నిలబడుతుంది. బోల్టు ప్లాస్టిక్‌ది, చేత్తోనే బిగించాలి. పట్టకారు పెట్టి బిగించి చెవులు విరగ్గొట్టుకున్నవాళ్లను నలుగురిని చూశా. ఆ బోల్టు పోయిందని ఇనుప బోల్టు వేయకండి, కాయిల్‌కు అంత దగ్గర్లో ఇనుము ఉంటే ఇక అది వినేది ఆ బోల్టునే. చెవికి పగులు వస్తే రెండు ట్యూబుల ఎపాక్సీతో, పైన ఫైబర్ గుడ్డ చుట్టి అతికించవచ్చు. స్టీలు పొడి కలిపిన ఎపాక్సీ మాత్రం వద్దు.

ఇప్పుడు గొట్టాల జాయింటు. దీని గురించి కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడ సగం పని చేసి వదిలేస్తారు. లోపలి గొట్టానికి మొదట్లో టేపు చుడతారు, లోపలికి తోస్తారు, గట్టిగా దూరింది కాబట్టి అయిపోయిందనుకుంటారు. నీళ్లలోకి వెళ్తే మళ్లీ ఊగుతుంది. ఎందుకంటే ఒకే చోట ఆనితే ఆ చోటే ఇరుసు అవుతుంది. ప్యాకింగ్ రెండు చోట్ల ఉండాలి: లోపలి గొట్టం పై కొస దగ్గర ఒకటి, బయటి గొట్టం మూతి దగ్గర ఒకటి. వాటి మధ్య ఎంత దూరం ఉంటే అంత పట్టు. మోటార్‌లో షాఫ్ట్‌కు రెండు కొసల్లో రెండు బుష్‌లు ఎందుకు ఉంటాయి? అదే లెక్క.

దేనితో ప్యాకింగ్ ఇవ్వాలి అంటే, టెఫ్లాన్ టేపు వద్దు. నల్లాలకు బాగుంటుంది గానీ ఇక్కడ రెండుసార్లు లోపలికీ బయటికీ లాగితే ఉండలు కట్టి ఊడి వస్తుంది. కరెంటు టేపు ఒక రోజుకు సరే. మన ఎండలకు కారు డిక్కీలో పెడితే దాని జిగురు కారి, గొట్టాలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. కూల్ డ్రింక్ బాటిల్ నుంచి కోసిన పట్టీ వీటి కంటే మేలు. నేను వాడేది వైండింగ్‌లో స్లాట్లలో పెట్టే మైలార్ అనే పలుచటి ప్లాస్టిక్ షీటు. నీళ్లు పీల్చదు, అరగదు, 5 మిల్, 10 మిల్ అని మందాలు దొరుకుతాయి. 10 మిల్ అంటే పావు మిల్లీమీటరు. ఏ ఊళ్లో అయినా వైండింగ్ షాపులో చిన్న ముక్క అడిగితే డబ్బులు కూడా తీసుకోరు. కానీ అదే షాపులో లెథరాయిడ్ పేపరు ఇస్తే తీసుకోకండి. అది కాగితం జాతి, నీళ్లు తాగి ఉబ్బుతుంది.

చేసే పద్ధతి ఇదీ. రెండంగుళాల వెడల్పు పట్టీ కోసి, లోపలి గొట్టం చుట్టూ ఒక్క చుట్టు తిప్పండి. కొసలు ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు, ఎదురెదురుగా ఆగాలి. ఎక్కితే ఆ ఒక్క చోట ఉబ్బుగా ఉండి గొట్టం ఒక పక్కకు ఒరుగుతుంది. కొసలు నిలవడానికి పట్టీ లోపలి వైపు ఒక్క చుక్క రబ్బరు జిగురు చాలు. రెండో పట్టీ, రాడ్డు మీరు వాడే పొడవులో ఉన్నప్పుడు బయటి గొట్టం మూతి ఎక్కడికి వస్తుందో అక్కడ గుర్తు పెట్టుకుని, దానికి కాస్త పైన. తర్వాత రెండూ దూర్చి చూడండి. చేత్తో కొంచెం బలంగా తోస్తే వెళ్లాలి, సుత్తి అవసరం పడకూడదు. లూజుగా ఉంటే ఇంకో 5 మిల్ పట్టీ. పొడవు ఎప్పుడూ మార్చనివాళ్లయితే పట్టీల బదులు హీట్ ష్రింక్ స్లీవ్ ముక్కలు రెండు తొడిగి, వేడి గాలితో ముడుచుకునేలా చేయండి. నా సొంత డిటెక్టర్‌కు అదే ఉంది. లైటర్ మంట దగ్గరగా పెట్టకండి, గొట్టం ఫైబరో ప్లాస్టికో అయితే దెబ్బతింటుంది.

ఇంకోటి, గొట్టాలకు కంపెనీవాళ్లు పెట్టిన చిన్న చిల్లులు ఉంటాయి. నీళ్లు లోపలికి వెళ్లి బయటికి రావడానికి పెట్టినవి అవి. లీకేజీ అనుకుని టేపు వేసి మూసేస్తే లోపల గాలి నిలిచి రాడ్డు పైకి తేలుతుంది, ఊగుడు ఇంకా పెరుగుతుంది. ప్యాకింగ్ కూడా వాటికి అడ్డం రాకుండా చూసుకోండి. నీళ్లకు తట్టుకోవాల్సింది సర్క్యూట్ ఉండే కంట్రోల్ బాక్సు, రాడ్డు కాదు. గ్యారెట్ కంపెనీ మోడళ్లలో ఏటీ ప్రోకు 3 మీటర్లని, సీ హంటర్ మార్క్ 2కు 65 మీటర్లని చెప్పే లోతులు ఆ బాక్సు సీళ్లు ఎంత ఒత్తిడికి ఆగుతాయన్నది. అందుకే ఆ బాక్సుకు ఎక్కడా డ్రిల్ పెట్టకండి, స్క్రూలు విప్పకండి. సీ హంటర్, ఎక్స్‌కాలిబర్ లాంటివాటిలో బాక్సును తెరవకుండా రాడ్డు నుంచి తీసి నడుముకు కట్టుకునే వీలుంది. బాక్సు బరువు రాడ్డు మీద నుంచి పోతే చేతికీ హాయి, జాయింట్లకూ హాయి.

స్ప్రింగ్ బటన్ ఉండే రకమైతే రంధ్రం అరిగి కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చిందేమో చూడండి. అలా అయితే గొట్టం తిరుగుతుంది. దానికి ప్యాకింగ్ పనికిరాదు. పాత రంధ్రాన్ని వదిలేసి, అంగుళం దూరంలో గొట్టం ఎదురు వైపున కొత్త రంధ్రం వేయండి. ముందు 3 మిల్లీమీటర్ల బిట్, తర్వాత బటన్ సైజు. గొట్టం కార్బన్ ఫైబర్ అయితే పైన మాస్కింగ్ టేపు అంటించి, నెమ్మదిగా, ముక్కుకు గుడ్డ కట్టుకుని వేయండి. ఆ దుమ్ము మంచిది కాదు.

పై జాయింటు మరీ పాడైతే పీవీసీ పైపు ముక్కను నిలువుగా చీల్చి జాయింటు మీద తొడిగి, హోస్ క్లిప్పుతో బిగించవచ్చు. కానీ ఏ లోహపు ముక్క అయినా కాయిల్‌కు రెండడుగుల పైనే ఉండాలి. దీనికో కారణం ఉంది. చాలా డిటెక్టర్లు కాయిల్‌కూ వస్తువుకూ మధ్య కదలిక ఉంటేనే మోగుతాయి. కాయిల్‌తో పాటు బిగుసుకుని ఉన్న లోహాన్ని అవి పట్టించుకోకుండా వదిలేస్తాయి. కాయిల్ ఊగుతున్నప్పుడు మాత్రం ఆ క్లిప్పు కాయిల్‌కు దగ్గరా దూరం అవుతూ ఉంటుంది, అంటే దాని దృష్టిలో అది కదిలే వస్తువే. మీ ఉత్తుత్తి బీప్‌లకు ఇదొక మూలం కావచ్చు. సెకండ్ హ్యాండ్‌ది అన్నారు కాబట్టి పాత ఓనరు కిందెక్కడైనా స్క్రూ, తీగ చుట్టి ఉంచాడేమో వెతకండి.

ఇంకో మూలం వైరు. కాయిల్ నుంచి పైకి వచ్చే కేబుల్ లూజుగా ఉండి నీళ్లలో కొట్టుకుంటుంటే రాడ్డు ఎంత గట్టిగా ఉన్నా మోగుతుంది. కాయిల్ పైకీ కిందికీ వంగడానికి సరిపడా కొంచెం వదిలి, అక్కడి నుంచి రాడ్డుకు దగ్గరగా చుట్టి, వెల్క్రో పట్టీలతో కట్టండి. కాయిల్ కింది తొడుగు తీసి లోపల చేరిన ఇసుక కూడా కడిగేయండి.

వెల్డింగ్ ఎందుకు వద్దన్నానో చెప్పలేదు కదూ. ఒకాయన అల్యూమినియం గొట్టాలను జాయింటు దగ్గర వెల్డింగ్ చేయించుకుని నా దగ్గరికి తెచ్చాడు. పలుచటి గొట్టం, వేడికి వంగిపోయింది. లోపలి ప్లాస్టిక్ తాళం కరిగి గడ్డకట్టింది. పైగా రాడ్డు ముడుచుకోదు కాబట్టి బస్సులో ఎక్కించడానికి కూడా లేదు. ఎం-సీల్ పెట్టి శాశ్వతంగా అతికించేయడమూ ఇలాంటిదే, ఇసుక కడగాలంటే మళ్లీ విప్పలేరు. మీరు ఎప్పుడైనా బాపట్ల సూర్యలంక బీచ్ వైపు తీసుకెళ్తే ఇంకో సంగతి. ఉప్పునీళ్లలో కార్బన్ ఫైబర్ గొట్టం అల్యూమినియం గొట్టాన్ని తాకుతూ ఉంటే అల్యూమినియం తెల్లటి పొడి కట్టి తరిగిపోతుంది. ఆ రోజే విడదీసి మంచినీళ్లతో కడగాలి. మధ్యలో మైలార్ పట్టీ ఉంటే ఆ రెండూ తాకకుండా అదీ పనికొస్తుంది.

అన్నీ బిగించాక నేరుగా నదికి వెళ్లకండి. ఇనుప రాడ్లు లేని చోటు, ఊరి చెరువో పొలం కాలువో చూసుకుని, మోకాలు లోతులో పది నిమిషాలు వాడే వేగంతోనే ఊపండి. నిశ్శబ్దంగా ఉంటే ఒక ఇత్తడి ఉంగరాన్ని దారానికి కట్టి ఇసుకలో పెట్టి, రెండు వైపుల నుంచీ ఒకే చోట మోగుతోందో లేదో చూడండి. రూపాయి, రెండు రూపాయల బిళ్లలతో టెస్ట్ చేసి మోగలేదని కంగారు పడొద్దు. అవి అయస్కాంతానికి అంటుకునే స్టీలు. నదిలో పిల్లలు తాడుకు అయస్కాంతం కట్టి చిల్లర ఏరేది అందుకే. ఇనుము వద్దని సెట్టింగ్ పెట్టి ఉంటే డిటెక్టర్ వాటిని కూడా వదిలేయవచ్చు.

అడగలేదు గానీ రెండు మాటలు. పాత గుళ్లు, కోటల దగ్గర దీన్ని బయటికి తీయకండి. రక్షిత కట్టడాల దగ్గర అనుమతి లేకుండా తవ్వడం నేరం. నేలలో దాగి ఉన్న పాత వస్తువు విలువ 10 రూపాయలు దాటితే కలెక్టర్‌కు తెలియజేయాలని 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం చెప్తుంది. పోగొట్టుకున్నవాళ్లు పక్కనే ఉండి, వాళ్ల వస్తువు వాళ్లకే ఇచ్చే పనికి ఏ తంటా లేదు. ఇక తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో వజ్రాలకు పనికొస్తుందా అని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు, మీరూ అడిగేలోపు చెప్తున్నా. రాదు. వజ్రం లోహం కాదు, కళ్లే డిటెక్టర్.

మీరు ముందు ఆ వేలి పరీక్ష చేసి, ఏ జాయింటు ఆడుతోందో, బటన్ రకమా తిప్పే రకమా రాయండి. లోపలి గొట్టం బయటి కొలత, బయటి గొట్టం లోపలి కొలత వెర్నియర్‌తో (సన్న కొలతలు తీసే పనిముట్టు) తీసి పంపితే ఎన్ని మిల్ పట్టీ ఎంత పొడవు కోయాలో లెక్కగట్టి చెప్తాను.